బ్రేకక్క కుడికాలు

డ్రైవింగ్ స్కూలు కార్లో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి దగ్గర, రెండోది నేర్పేవాళ్ళ కాలి దగ్గర. కింద ఒక ఉక్కు తీగ రెంటినీ కలుపుతుంది. ఇటు తొక్కితే అటుదీ దిగుతుంది. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి బ్రేకక్క. ఆమె అసలు పేరు స్కూలు బోర్డు మీద ఉంది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని ఆమే పక్కకి తప్పుకుంటుంది.

యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది. మాట తక్కువ. పక్క సీట్లో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తుంది. మిగతా డ్రైవింగ్ మాస్టర్లు అరుస్తారు, స్టీరింగు లాక్కుంటారు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ వంశాన్నంతా తలుచుకుంటారు. బ్రేకక్క అరవదు. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే ఆమె కుడికాలు చప్పుడు లేకుండా పని కానిచ్చేస్తుంది. "మా బ్రేకక్క బండిలో నిండు గ్లాసు టీ పట్టుకుని కూర్చోవచ్చు, చుక్క తొణకదు" అని స్కూలు ఓనరు కొత్తవాళ్ళకి గొప్పగా చెబుతాడు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు లైసెన్సు పరీక్షలో తరచూ తప్పుతారన్న సంగతి మాత్రం చెప్పడు. పరీక్ష రోజు భయపడతారు, అంతే, అని ఆమె అనుకునేది.

పెళ్ళి చేసుకోలేదు. "సంబంధం వచ్చినప్పుడల్లా దానికీ బ్రేకు వేసింది" అంటుంది వాళ్ళమ్మ. ఇంట్లో ఆ తల్లీ, బ్రేకక్కా, తమ్ముడూ, తమ్ముడి భార్యా ఉంటారు. తమ్ముడు ఓడలో వంటవాడుగా చేశాడు. అదే ఓడలో బట్టలుతికే విభాగంలో పనిచేసే స్పానిష్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత కిడ్నీలు పాడై ఓడ దిగాడు. ఆ అమ్మాయీ వెంట దిగింది. అత్తగారి పక్కన కూర్చుని తెలుగు నేర్చుకుంది. వచ్చిన తెలుగంతా వంటింటిదీ, వరండాదీ.

తమ్ముడికి రోజు విడిచి రోజు డయాలసిస్. ఆసుపత్రి ఊరికి ఆ చివర. వెళ్ళేటప్పుడు నడిచే వెళ్ళి కారెక్కుతాడు. వచ్చేటప్పుడు మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు. దారిలో వాంతులు. ఒక టాక్సీవాడు మొదటిసారి సీటు కడుక్కున్నాడు, రెండోసారి ఫోనెత్తడం మానేశాడు. అప్పటినుంచీ బ్రేకక్కే తీసుకెళ్ళి తీసుకొస్తోంది. ఇప్పుడు ఆమె మోకాలు చెడింది. ఎముకకీ ఎముకకీ మధ్య ఏమీ మిగల్లేదని డాక్టరు ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశాడు. తర్వాత కొన్ని నెలలు పెడల్ జోలికి పోకూడదు. కాబట్టి మరదలు ఆలోపు లైసెన్సు తెచ్చుకోవాలి. ఆపరేషన్‌కి ముందు పరీక్షకి దొరికింది ఒక్క తేదీ. అది తప్పితే తమ్ముణ్ణి ఆసుపత్రికి ఎవరు చేరుస్తారన్న ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అన్నం తినేటప్పుడు కూడా దాని చుట్టూ తిరిగి మాట్లాడుకునేవాళ్ళు.

మరదలికి చెయ్యి బాగానే కుదిరింది. గేర్లు త్వరగా వచ్చాయి. చిక్కంతా కంగారులో ఉంది. "ఆపు" అంటే ఆమె రోడ్డు వదిలేసి వదిన మొహంలోకి చూసేది. ఆ మాట చెవిలోంచి లోపలికి వెళ్ళి, అర్థమై, కాలి దాకా దిగేలోపు బ్రేకక్క కాలు ముందే దిగేది.

డయాలసిస్ లేని ఒక రోజు తమ్ముడు సరదాకి వెనక సీట్లో ఎక్కాడు. సందు మలుపులో ఒక సైకిలు అడ్డం వచ్చింది. బ్రేకక్క "ఆపు" అనేలోపే వెనకనుంచి అతను "పారా!" అని అరిచాడు. మరదలు తల తిప్పలేదు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, కాలు మాత్రం బ్రేకు మీదకి ఎగిరింది.

"ఏమన్నావురా?" అంది బ్రేకక్క.

"ఆగమన్నాను. వాళ్ళ భాషలో."

"అన్నీ అలా చెప్పొచ్చా?"

"చెప్పేదానివైతే చెప్పు. నువ్వు తెలుగులోనే రోజుకి పది మాటలు మాట్లాడవు కదే అక్కా."

ఆ సాయంత్రం వంటింట్లో పాఠం మొదలైంది. మరదలు గిన్నెలు తోముతోంది. బ్రేకక్క కాలు చాపుకుని పీట మీద కూర్చుంది. గుమ్మం దగ్గర మంచం మీద అమ్మ.

"ఆగడానికి మీ మాటేంటమ్మాయ్?"

"పరార్."

అమ్మ లేచి కూర్చుంది. "ఆగడాన్ని పరార్ అంటారా? మన దగ్గర పరారంటే గోడ దూకి పోవడమే!"

"అది పని పేరు, అత్తయ్యా. చెప్పేటప్పుడు చివర 'ర్' తీసెయ్యాలి. పారా. అంతే." మరదలు గిన్నె కడిగి బోర్లించింది. "ఫ్రెనార్, బ్రేకు వెయ్యడం. 'ర్' తీసెయ్. ఫ్రేనా. మిరార్, చూడడం. మీరా. హిరార్, తిరగడం. హీరా."

"అన్నిటికీ ఇంతేనా?"

"బుద్ధిమంతులైన మాటలన్నిటికీ ఇంతే. అల్లరి మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని ఇప్పుడు పిలవొద్దు." ఇంకో గిన్నె తీసుకుంది. "కొన్నిటికి చివర 'ఏర్' వస్తుంది. సెదేర్, దారి ఇవ్వడం. 'ర్' తీస్తే సేదే. కొన్నిటికి 'ఈర్'. సుబీర్, ఎక్కడం. అక్కడ 'ర్' తీసి, మిగిలిన 'ఈ'ని 'ఏ' చెయ్యాలి. సూబే."

బ్రేకక్క పెదాలు కదిలాయి. సుబీర్, సూబే. అబ్రీర్, ఆబ్రే. తెరువు. సబ్బు నురగలోంచి ఒక్కో మాటా పైకి తీసి ఇస్తున్నట్టుంది మరదలు.

"పెద్దవాళ్ళతో అయితే?" అంది అమ్మ. ఆవిడకి మర్యాద ముఖ్యం.

"తోక మారుతుంది. 'ఆ' ఉన్నచోట 'ఏ', 'ఏ' ఉన్నచోట 'ఆ'. పారే. ఫ్రేనే. సూబా. మీకూ వదినకీ అలాగే చెబుతాను."

"మేమైతే 'అండి' తగిలిస్తాం. నాకు అది వద్దులే" అంది బ్రేకక్క. "రోడ్డు మీద మర్యాదకి టైముండదు. సరే, తిప్పొద్దు, తొక్కొద్దు అనాలంటే?"

"అది మళ్ళీ వేరే. రూపం మారిపోతుంది."

గదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, బండిలో వద్దు అనే మాట పనికిరాదని చెప్పేది నువ్వే కదా!"

నిజమే. వద్దు అంటే ఏం చెయ్యకూడదో తెలుస్తుంది గానీ ఏం చెయ్యాలో తెలియదు. భయంలో ఉన్నవాళ్ళకి చెయ్యాల్సింది ఒక్క ముక్కలో చెప్పాలి. అది బ్రేకక్క కొత్త మాస్టర్లకి చెప్పే మొదటి సంగతి. కాబట్టి 'వద్దు'ని వదిలేశారు. చెయ్యమనే మాటలు చాలు.

వాటిని ఆమె వల్లె వేసుకుంది. స్నానాల గదిలో, స్కూలు బయట బెంచీ మీద, బట్టలారేస్తూ. ఒక రోజు కుక్కర్ ముందు నిలబడి "ఎస్పేరా, ఎస్పేరా" అంటోంది. కాసేపు వేచి ఉండమని. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దీని నోటికి ఊరే మారిపోయింది" అంది అమ్మ.

బండిలో ఫలితం వెంటనే కనిపించింది. "మీరా" అంటే మరదలు అద్దం చూసేది. "హీరా" అంటే తిప్పేది. "ఫ్రేనా" అంటే బండి పాల మీద మీగడ కదలనంత మెత్తగా ఆగేది. ఒక్కోసారి మరదలు వదిన బిగుసుకున్న భుజాలు చూసి, "రెస్పీరే, వదినా" అనేది. ఊపిరి తీసుకోండి అని. అయినా బ్రేకక్కకి లోపల కుదురు లేదు. పరీక్ష దగ్గర పడుతోంది. తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చాక లేచి కూర్చోవడానికి రోజురోజుకీ ఎక్కువసేపు పడుతోంది. మోకాలు మెట్ల దగ్గర మొరాయిస్తోంది. ఆమె మాత్రం ఎవరైనా అడిగితే "బాగానే నడుపుతోంది" అనేది. బాగానే నడుస్తోంది కూడా. అదే ఆమెకి మింగుడుపడలేదు. ఇంత బాగా ఎప్పుడూ ఎవరూ నడపలేదు.

పరీక్షకి కొద్ది రోజుల ముందు ఒక పొద్దున మోకాలు కొబ్బరికాయంత వాచింది. కాలు మడిస్తే ప్రాణం పోయేట్టుంది. ఒక్క రోజు కూడా వదులుకోలేక, మోకాలికి గుడ్డ చుట్టి, సీటు వెనక్కి జరిపి, కాలు పక్కకి చాపుకుని కూర్చుంది. పాదం పెడల్‌కి జానెడు దూరంలో ఉంది. నోరుంది కదా అనుకుంది.

సందు చివర మలుపు. ఎదురుగా గోడ, గోడకి ఆనించి పెద్ద ఇనప చెత్తకుండీ.

"ఫ్రేనా" అంది. టైముకే అంది.

మరదలి కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. బండి వెళ్తూనే ఉంది.

"ఫ్రేనా! ఫ్రేనా!"

బ్రేకక్క హ్యాండ్ బ్రేకు లాగింది. బండి ఫుట్‌పాత్ ఎక్కి చెత్తకుండీని గుద్దుకుని ఆగింది. కుండీ మూత ఎగిరి పడి చాలాసేపు గుండ్రంగా తిరిగింది. పై అంతస్తులో ఎవరో కిటికీ తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నారు.

"తొక్కాను వదినా" అంది మరదలు. "మీరు చెప్పగానే తొక్కాను."

"కాలు పెట్టావు. తొక్కలేదు."

"రోజూ ఇంతే తొక్కుతాను. రోజూ ఆగుతుంది."

బ్రేకక్క ముందుకు వంగి, మోకాలు చూసుకుంటూ, తన వైపు పెడల్‌ని చేత్తో నొక్కింది. అటువైపు మరదలి చెప్పు కింద పెడల్ దానంతటదే కిందికి దిగింది.

"రోజూ ఇలాగే దిగుతుందా?"

"అవును" అంది మరదలు. "బ్రేకు అలాగే కదా ఉంటుంది?"

కుండీ మూత తిరగడం ఆగింది. బ్రేకక్క చెయ్యి ఇంకా పెడల్ మీదే ఉంది. ఆమె కళ్ళ ముందు మనుషులు వరసగా వచ్చారు. పరీక్షలో పదే పదే తప్పిన బ్యాంకు గుమస్తా. మెట్ల మీద కూర్చుని ఏడ్చిన టీచరమ్మ. ఇక నా వల్ల కాదక్కా అని మానేసిన దర్జీ. వాళ్ళంతా భయపడి తప్పారనుకుంది ఇన్నాళ్ళూ. వాళ్ళు బ్రేకు తొక్కడం నేర్చుకోనేలేదు. నేర్చుకోనిచ్చే టైము ఆమె కాలు ఎవరికీ ఇవ్వలేదు. మాటలు మార్చింది, భాష మార్చింది. నోరు ఆజ్ఞ ఇస్తుంటే కింద కాలు దాన్ని నెరవేరుస్తూ వచ్చింది.

స్కూలుకి వెళ్ళి ఓనరుతో చెప్పింది. "నా వైపు తీగ ఊడదీయించండి. పరీక్ష అయ్యేదాకా."

ఓనరు బంపరు సొట్ట చూస్తున్నాడు. "బ్రేకు లేకుండా బ్రేకక్క ఏంటి? రేపట్నుంచి నిన్నేమని పిలవాలి?"

"ముందు బతికి రానివ్వండి. తర్వాత పిలుద్దురుగాని."

మూతపడిన గోదాము వెనక పెద్ద ఖాళీ ఆవరణ ఉంది. చుట్టూ గోడ. పాత టైర్లు తెచ్చి అక్కడక్కడా పెట్టారు. తీగ లేని బండిలో, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది బ్రేకక్క. నడపడం నేర్చుకున్న మొదటి రోజు కూడా ఆమె ఇంత భయపడలేదు.

మొదటి రెండుసార్లూ టైర్లను గుద్దారు. మొదటిసారి తప్పు మరదలి కాలిది. రెండోసారి తప్పు బ్రేకక్క నోటిది. టైరు కనిపించగానే ఆమెకి ఫ్రెనార్ గుర్తొచ్చింది. 'ర్' తీసింది. ఫ్రేనా తయారైంది. అప్పటికి టైరు బంపరు కింద ఉంది. కాలికి ఆఖరి క్షణం చాలు. నోటికి చాలదు. ముందు చూడాలి, ముందు చెప్పాలి. ఇన్నేళ్ళూ ఆఖరి క్షణాన్ని నమ్ముకుని బతికిన మనిషికి అది కొత్త పని.

"ఆగు" అంది బ్రేకక్క. "ఫ్రేనా అంటే నువ్వు కాలు పెట్టి ఊరుకుంటున్నావు. తొక్కడానికి మీ మాటేంటి?"

"పిసార్."

బ్రేకక్క క్షణం ఆలోచించింది. "అయితే పీసా."

మరదలు ఆమె వైపు తిరిగింది. ఆ మాట తను చెప్పలేదు. "అవును వదినా. పీసా."

"ఆ గోడ దాకా పోనియ్యి. నే చెప్పగానే నేల కిందికి తొక్కు. బండి పాడైతే ఓనరు చూసుకుంటాడు."

గోడ దగ్గరికొస్తోంది. బ్రేకక్క కుడికాలు తీగ లేని పెడల్‌ని తొక్కింది. అది ఊరికే ఊగింది. మోకాల్లో నిప్పు రవ్వ లేచింది. "పీసా! పీసా!" అని ఆమె అరిచిన అరుపుకి గోడ మీద పావురాలు లేచిపోయాయి. బండి కీచుమని ఆగింది. ఇద్దరూ ముందుకు తూలారు. ఒళ్ళోని నీళ్ళసీసా కింద పడి దొర్లింది.

"మళ్ళీ" అంది బ్రేకక్క.

ఆ వారమంతా అదే. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చాక మరదలు కుడి పిక్క నొక్కుకుంటుంటే అమ్మ, "ఒకదానికి కాలు పోయింది, ఒకదానికి గొంతు పోయింది. లైసెన్సు ఎవరికిస్తారో చూడాలి" అంది. తమ్ముడు నవ్వబోయి దగ్గాడు. బండి ఇప్పుడు మీగడ కదలకుండా ఆగడం లేదు. కుదుపుతో ఆగుతోంది. ఆ కుదుపు మరదలిదే. అది మెత్తబడడానికి రోజులు కావాలి. ఆ రోజులు లేవు.

పరీక్ష రోజు వచ్చింది. నేర్పినవాళ్ళు వెనక సీట్లో కూర్చోవచ్చు. కానీ పెదవి విప్పినా, సైగ చేసినా పరీక్ష అక్కడికక్కడే రద్దు. ఇనస్పెక్టరు జలుబు చేసిన భారీ మనిషి. పక్క సీటు నిండా కూర్చుని ముక్కు తుడుచుకుంటూ ఎటు వెళ్ళాలో చెబుతున్నాడు. వెనక బ్రేకక్క చేతిరుమాలు రెండు పళ్ళ మధ్య పెట్టుకుంది. కాలూ లేదు, నోరూ లేదు.

చౌరస్తా దాటింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలింది. బడి గోడ పక్కనుంచి వెళ్తుండగా, ఒక గేటులోంచి లారీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. డ్రైవరు చూడడం లేదు. లారీ వెనక తలుపు పెద్దదవుతోంది. మీరా. ఫ్రేనా. పీసా. మాటలన్నీ ఒకేసారి రుమాలు దాకా వచ్చి ఆగాయి. బ్రేకక్క కుడికాలు మాత్రం ఎవరి మాటా వినలేదు. కారు నేలని దడాలున తొక్కింది.

బండి ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలియలేదు.

ఇనస్పెక్టరు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "ఏంటా చప్పుడు?"

బ్రేకక్క రుమాలు తీసింది. "మోకాలండీ. వచ్చే వారం ఆపరేషన్."

అతను ఆమె మోకాలికి చుట్టిన గుడ్డ చూశాడు. తర్వాత ముందుకు వంగి, మరదలి కాలి వైపు చూశాడు. ఆ కాలు ఇంకా బ్రేకుని నేలకి అదిమే ఉంది. చెప్పు లోపల వేళ్ళు తెల్లబడ్డాయి. లారీ వెళ్ళిపోయింది. అతను తుమ్మి, "పోనీయండమ్మా, ఎంతసేపు ఆపుతారు?" అన్నాడు.

పరీక్ష అయ్యాక కాగితం మీద పాస్ అని రాసిచ్చి, "బ్రేకు కొంచెం మెత్తగా తొక్కడం నేర్పండి" అన్నాడు బ్రేకక్కతో. ఆమెకి అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

కారు దగ్గర మరదలు మెల్లగా అడిగింది. "వదినా, లారీ దగ్గర మీరు తొక్కారా?"

"తొక్కాను. నేలని." వెనక సీట్లోంచి దిగడానికి మోకాలు రాలేదు. "నేలకి తీగ లేదమ్మాయ్. ఆపింది నువ్వే."

మరదలు తలుపు తెరిచి, ఆమె చంకల కింద చేతులు వేసి పైకి లేపింది. "రెస్పీరే, వదినా" అంది. బ్రేకక్క ఊపిరి తీసుకుంది.

ఆపరేషన్ అయింది. బ్రేకక్క ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే తమ్ముడికి మళ్ళీ డయాలసిస్. మరదలు ఒక్కతే నడపడం ఆమె చూడడం ఇదే మొదటిసారి. బ్రేకక్క మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. అక్కణ్ణుంచి వీధి చివరి దాకా కనిపిస్తుంది. వీధి పల్లానికి దిగి, బస్సులు తిరిగే పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ ఆగకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

తమ్ముడు వెనక సీట్లో ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఒళ్ళో వాంతి కోసం గిన్నె పెట్టుకున్నాడు. మరదలు ఎవరి వైపూ చూడలేదు. అద్దం చూసుకుంది, బెల్టు పెట్టుకుంది. కారు కదిలింది.

బ్రేకక్క పెదాలు వాటంతటవే కదిలాయి. మీరా. ఎస్పేరా. కారు పల్లంలో వేగం అందుకుంటోంది. ఎడమవైపు నుంచి బస్సు హారన్. ఇంకా దూరం ఉంది, ఇంకా ఉంది, ఇప్పుడు చెప్పాలి. ఆమె "ఫ్రే" అనేలోపే కారు వెనక రెండు ఎర్ర లైట్లూ వెలిగాయి. తను చెప్పేదానికంటే బాగా ముందు. కారు కొంచెం ఊగి ఆగింది. బస్సు దాటిపోయింది.

దుప్పటి కింద కట్టు కదిలింది. బ్రేకక్క "అమ్మా" అని మూలిగింది.

పక్క మంచం మీంచి తల్లి చూసింది. "ఏమే, మంచానికి కూడా బ్రేకు వేస్తున్నావా?"

ఎర్ర లైట్లు ఆరాయి. కారు పెద్ద రోడ్డులోకి తిరిగి కనిపించకుండా పోయింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. బ్రేకక్క దిండు సరిచేసుకుని, ఖాళీ వీధి వైపే చూస్తూ కూర్చుంది.